రోహ్తాంగ్ బంద్

“ఈ బంద్‌కు ఎవరు పిలుపిచ్చారు?” అని అడిగాడు ఎస్సై పట్టాభి, కాగితం మీద వేలు పెట్టి.

యోగేందర్ ముందుకు వంగి చూశాడు. తన రాతే. ‘రోహ్తాంగ్ బంద్ అయితే మనాలిలోనే ఆగాలె.’

“ఎవరు పిలుపియ్యలే సార్. మంచు పడితె అదే బంద్ అయితది. గది హిమాలయాలల్ల కనుమ.”

ఎస్సై ఆ మాట కింద గీత గీశాడు. మర్నాడు, జూన్ పద్నాలుగున, తెలంగాణ కోసం చలో అసెంబ్లీ. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా భుజాన సంచీ ఉన్న ప్రతి కుర్రాణ్ణీ రెండు రోజులుగా ఆపి చూస్తున్నారు. యోగేందర్ సంచీలో దొరికినవి ఒక టెంటు, ఇరవై గజాల తాడు, చిన్న స్టవ్వు, ఐదు లీటర్ల ఖాళీ పెట్రోలు డబ్బా, ఈ కాగితం. బస్టాపులో నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే జీపెక్కించి స్టేషనుకు తెచ్చారు.

“టెంటు ఎక్కడ వేస్తారు?”

“పాంగ్ కాడ సార్. పదిహేను వేల అడుగుల ఎత్తుల.”

“అనుమతి తీసుకున్నారా?”

“ఆడ అడగనీకె మనుషులు ఉండరు సార్.”

“ఎంతమంది వెళ్తున్నారు?”

“ఇద్దరం. నేను, మా దోస్తు సాయినాథ్. వాళ్ల మామది బుల్లెట్టు. నాగపూర్, ఝాన్సీ, ఢిల్లీ, మనాలి, కేలాంగ్, సర్చు, పాంగ్, లేహ్.”

ఒక్క ఊరూ చూసినవాడు కాదు గాని, అన్నీ కంఠతా వచ్చు. ఎక్కడ వాగు దాటాలో, ఎక్కడ ఊపిరి అందదో అడిగినంతసేపు చెప్పగలడు. అలా చెప్పుకుంటూ పోవడం తప్ప అతనికి మరో దారి లేదు. వచ్చే నెలాఖరుకు సర్కారు కొలువుకు సర్టిఫికెట్లు చూపించాలి. ఈలోగా ఒక్క కేసు పడితే ఆ కొలువు పోయినట్టే.

ఎస్సై పెట్రోలు డబ్బాను పెన్నుతో తట్టాడు. “మరి ఇదెందుకు? ఏ బస్సు తగలబెట్టడానికి?”

యోగేందర్ నోరు తెరిచేలోపే, తలుపు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ బక్కయ్య అందుకున్నాడు.

“మనాలి అవతల తాండి దాటితె మూడొందల అరవై కిలోమీటర్లు పెట్రోలు దొర్కది సార్. మా బామ్మర్ది మిలట్రీల డ్రైవరు. లేహ్‌ల మూడేండ్లు చేసిండు.”

“నిన్నెవరడిగారయ్యా?”

“తెలిసింది చెప్పిన సార్.” బక్కయ్య మళ్లీ గోడకు ఆనుకున్నాడు.

ఎస్సై కాగితం చివరికి వచ్చాడు. “బయలుదేరేది పద్నాలుగు తెల్లవారుజామున అని రాశావు. సంవత్సరంలో ఇంకో రోజే దొరకలేదా?”

“పద్నాలుగు నాడు ఊర్ల ఉంటె మీరే పట్టుకపోతరు గద సార్.”

గోడ దగ్గర బక్కయ్య గట్టిగా దగ్గాడు.

అప్పుడు వచ్చింది చంద్రమ్మ. కొడుకును జీపెక్కించారని ఎవరో చెబితే అల్మాస్‌గూడ నుంచి ఆటోలో వచ్చింది. వస్తూ వస్తూ చేతికందిన సాక్ష్యం పట్టుకొచ్చింది. రెండు స్వెటర్లు, ఒక మంకీ టోపీ, పల్లీల పొడి డబ్బా ఎస్సై బల్ల మీద వరసగా పెట్టింది.

“అయ్యా, నెల దినాల సంది గా కొండల ముచ్చటే సార్ వీనికి. మంచుల ఎట్ల పంటవురా అంటె ఇనడు. పోయినేడు లాఠీదెబ్బకు నా తమ్ముని కొడుకు చెయ్యి ఇరిగింది. గప్పుడే నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసిండు, లొల్లిల్లకు పోనని. నా కొడుకు అబద్ధమాడడు సార్.”

యోగేందర్ నేల చూపులు చూశాడు. తల్లి కళ్లు తుడుచుకుంది. ఎస్సై మంకీ టోపీని అటూ ఇటూ తిప్పి చూసి, పక్కన పెట్టాడు.

“సరే,” అన్నాడు చివరికి. “కేసు రాయను. కానీ రేపు తెల్లారి అయిదింటికి నా కళ్లముందు బయలుదేరాలి. బక్కయ్యా, నువ్వు నీ బండి మీద వీళ్ల వెనకాలే వెళ్లు. మేడ్చల్ దాటించి నాగపూర్ రోడ్డెక్కించి రా. మధ్యలో ఎక్కడా ఆగకూడదు.”

“సరే సార్,” అన్నాడు బక్కయ్య.

తెల్లారి అయిదింటికి బుల్లెట్టు ఎల్బీనగర్ చౌరస్తాలో కదిలింది. చంద్రమ్మ కొడుకు నుదుట బొట్టు పెట్టింది. వెనక సీటు మీద సాయినాథ్, అతని వెనక టెంటు, తాడు, డబ్బా. సంచీ మీద ‘హైదరాబాద్ – లేహ్’ అని పెద్ద అక్షరాల అట్ట.

దారిలో నాలుగు చోట్ల ఇనుప కంచెలు అడ్డం వచ్చాయి. నాలుగు చోట్లా పోలీసులు ముందు అట్టను, తరవాత బక్కయ్యను చూసి పక్కకు తప్పుకున్నారు. సికింద్రాబాద్‌లో ఒక మలుపు దగ్గర యోగేందర్ బండి నెమ్మది చేశాడు. వెనక నుంచి బక్కయ్య హారన్ కొట్టాడు. మళ్లీ వేగం పెంచక తప్పలేదు. కొంపల్లి దగ్గర పెద్ద చెక్‌పోస్టు. అక్కడ ఊళ్లోకి వచ్చే ప్రతి బండినీ ఆపి, కుర్రాళ్లను దించేస్తున్నారు.

మేడ్చల్ దాటాక బక్కయ్య చెయ్యి ఊపి ఆపించాడు.

“ఇగ నా డ్యూటీ అయిపోయింది. పైలం బిడ్డా.”

“పోయొస్తమన్నా,” అన్నాడు యోగేందర్.

బక్కయ్య బండి తిప్పుకుని ఊరివైపు నాలుగు గజాలు పోయాడు. బుల్లెట్టు మాత్రం కదల్లేదు. యోగేందర్, సాయినాథ్ దాని పక్కనే నిలబడి, వచ్చిన దారి వైపు చూస్తున్నారు. అది అద్దంలో చూసి బక్కయ్య వెనక్కి వచ్చాడు. బండి దిగకుండానే, ఎటో చూస్తూ మెల్లగా అన్నాడు:

“అసెంబ్లీకి శామీర్‌పేట మీదికెళ్లి పోండ్రి, గాడ చెక్‌పోస్టు లేదు.”