యాభై గేముల ఫోను

హోసూరు పోయే కంపెనీ బస్సులో, బ్యాటరీ సెల్లులు వేసి ఆడే నా పాత బ్రిక్ గేమ్‌ని పక్క సీటు చైత్రకు ఇచ్చేసినాను.

"నీ కూతురు ఆడుకుంటుంది. మా ఆయన నాకు టచ్ ఫోను తెచ్చినాడు. దీంట్లో యాభై గేములు ఉండాయి."

శూలగిరి వచ్చేలోపల నా ఆటను మధ్యలో ఆపేసి ఫోను రెండుసార్లు మోగింది. యాడుండావని మా ఆయన అడిగితే ప్రేమనుకున్నాను. ఇంకో ఆట మొదలుపెడితే మూడోసారి కూడా మోగింది.

"పక్కన ఎవరుండారు రేణూ?"

"చైత్ర."

"ఫోను ఆయమ్మకియ్యి."

చైత్ర తీసుకునింది. "అవునన్నా, నేనే. ఈ వరసలో మొగోళ్ళు ఎవరూ లేరన్నా." నా మొహం చూడకుండా ఫోను తిరిగిచ్చింది.

"గేములు బాగుండాయా?" అని నవ్వుతా అడిగినాడు మా ఆయన.

ఒంటి మీద జెర్రి పాకినట్టయింది. కట్ చేసి, ఫోన్ని చున్నీతో తుడిచి, బ్యాగులో టిఫిన్ బాక్సు కిందికి తోసినాను.

"నా బ్రిక్ గేమ్ నాకిచ్చెయ్ చైత్రా."

చైత్ర దాన్ని ఒళ్ళో గట్టిగా పట్టుకునింది.

"ఇది నాకే కావాలక్కా. మా ఆయన కూడా దసరాకి ఇట్లాంటి ఫోనే తెస్తానన్నాడు."