నదికి అవతలి మనిషి

మొదటి దెబ్బకి తలుపు అదిరింది. రెండో దెబ్బకి దాని పైభాగంలోని అద్దం భళ్లున పగిలి, కొలెట్ జుట్టునిండా గాజు పెంకులు పడ్డాయి. ఆ మధ్యాహ్నమే వేయించిన కొత్త తాళం మాత్రం కదల్లేదు.

"తలుపు తియ్యవే! తీస్తావా, నన్నే లోపలికొచ్చి నీ ప్రాణం తియ్యమంటావా?"

బయట డారిల్. ఆమె ఇద్దరు పిల్లలకూ తండ్రి. డ్యూటీ దిగి ఫ్యాక్టరీ బట్టలతోనే వచ్చాడు. చేతిలోని టిఫిన్ డబ్బా విసిరి వంటింటి కిటికీ అప్పటికే పగలగొట్టాడు. ఇప్పుడు కారు టైర్లు విప్పే ఇనుప రాడ్డు అందుకున్నాడు.

కొలెట్ పిల్లల్ని బాత్రూంలోకి తోసి గడియ పెట్టుకోమంది. పోలీసులకు ఫోన్ చేసింది. వాళ్లొచ్చేదాకా ఆ తలుపు నిలబడాలి, అంతే.

పగిలిన అద్దంలోంచి ఒక చెయ్యి దూరి గడియకోసం తడుముకుంది. ఆ చేతిని ఆమె బాగా ఎరుగును. ఆమె పక్కటెముకలు విరగ్గొట్టిన చెయ్యి అది. అప్పుడు డాక్టర్ అడిగితే మెట్లమీంచి పడ్డానని ఏడుపు దిగమింగుకుని చెప్పింది.

కొలెట్ ఇనుప పెనం రెండు చేతులా ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. ఎముక పటుక్కుమంది. డారిల్ పెట్టిన కేక వీధి చివరిదాకా వినిపించింది. ఆమెకు జాలి వేయలేదు. ఇంకోటి వేద్దామా అనిపించింది.

అంతలో పోలీసు కారు వచ్చి ఆగింది. దిగిన ఆఫీసర్ ప్రాట్ నడివయసు మనిషి, మంచి బలిష్ఠురాలు. ఆమెను చూడగానే డారిల్ రాడ్డు కింద పడేసి, నెత్తురోడే చెయ్యి ముందుకు చాపాడు.

"చూడండి మేడం, నా ఇల్లు. నా తలుపు. నన్నే రానివ్వక చెయ్యి విరగ్గొట్టింది. పట్టుకెళ్లాల్సింది దాన్ని!"

ప్రాట్ కొలెట్ చేతిలోని పెనం వంక చూసింది.

"ఏమ్మా? ఇల్లు ఈయనదేనా?"

తనని తీసుకెళితే పిల్లలు ఇతని చేతుల్లో పడతారు. కొలెట్ సొరుగులోంచి ఒక కాగితం తెచ్చి ఇచ్చింది.

"పిల్లల పేర సర్కారు భృతి ఇచ్చేముందు పన్నుల ఆఫీసు అడిగింది మేడం. ఈయన చేత్తో రాసిందే."

ప్రాట్ పైకే చదివింది. "నేను భార్యనుంచి విడిపోయి రెండేళ్లయింది. ఈ ఇంట్లో ఉండటం లేదు. నదికి అవతల డెట్రాయిట్‌లోనే నా ఉద్యోగం, కాపురం. నా జీతాన్ని ఆమె ఆదాయంలో కలిపి భృతి తగ్గించవద్దు." తలెత్తింది. "సంతకం మీదేనా?"

"అదీ... అది కేవలం ఆ డబ్బు..." డారిల్ ఆగిపోయాడు.

"ఊఁ, ఆ డబ్బు?"

డారిల్ మంచి చేత్తో ఆ కాగితం లాక్కోబోయాడు.

"మరి పరాయి ఇంటి తలుపులో నీ చేతికేం పనయ్యా?" అంటూ ప్రాట్ అతన్ని కారుకేసి అదిమి బేడీలు వేసింది. డారిల్ గింజుకున్నాడు, కారు తలుపును తన్నాడు, బూతులు తిట్టాడు. ఇల్లు తనదని మాత్రం మళ్లీ అనలేదు.

కారు మలుపు తిరిగింది. కొలెట్ వంటింట్లో గాజుపెంకుల మధ్య పడున్న టిఫిన్ డబ్బా తీసి, పొద్దున తాను కట్టిచ్చిన శాండ్‌విచ్‌లో అతను తినకుండా వదిలేసిన అంచుల్ని చెత్తబుట్టలో దులిపి, రెండేళ్లుగా రోజూ సాయంత్రం కడిగినట్టే కడిగి బోర్లించింది.