ఒక కన్ను పసుపు, ఒక కన్ను తెలుపు

ఆయన ప్రయాణానికి నేను సంచి సర్దుతున్నాను. కిటికీ బయట, కారు ముందు, మా తమ్ముడు రెండు రకాల హెడ్‌లైటు బల్బులు పట్టుకుని నిలబడ్డాడు.

“తెల్లవి వెయ్యరా, దారి పట్టపగల్లా ఉంటుంది,” అన్నారు మా ఆయన.

“పొగమంచులో తెల్ల వెలుతురు గోడలా అడ్డం నిలుస్తుంది బావా. పసుపే మంచిది.”

“పసుపు పాత లారీలకురా!”

“ఆ లారీలన్నీ ఇళ్లకి చేరుతున్నాయిగా!”

ఆయన గడప దాటిన ప్రతిసారీ, ఇక తిరిగి రారేమోనని నాకు దిగులు. సంచితోనే బయటికి పరుగెత్తాను.

“ఒకటి పసుపు, ఒకటి తెలుపు పెట్టరా. మలుపు దగ్గరే మన కారని నాకు తెలిసిపోతుంది.”

“కారుకి మెల్లకన్ను పెట్టిస్తావటే!” ఆయన తల పట్టుకున్నారు.

“అక్క మాటే ఖాయం,” అని తమ్ముడు రెండూ బిగించాడు. నేను సంచి డిక్కీలో పెట్టాను.

“ఒక్క చుట్టు తిరిగి, వెలుతురు ఎక్కడ పడుతుందో చూసొస్తా బావా.”

“సంచి దించరా!”

“ఉండనీ అక్కా. వెనకాల బరువుంటే లైటు పైకి లేస్తుంది. అదీ చూడాలి.”

కారు మలుపు తిరిగి వెళ్లిపోయింది. చీకటి పడింది. మలుపులో వచ్చే కార్లన్నిటికీ రెండు కళ్లూ ఒకే రంగు.

“నా చొక్కాలన్నీ ఆ సంచిలోనే ఉన్నాయే,” అన్నారు ఆయన, మెట్టు మీద నా పక్కనే కూర్చుని.

నా దిగులంతా ఈ మనిషి మీదే ఖర్చు పెట్టేశాను.

ఆ చలికాలం, ఆ గురువారం సాయంత్రం వెళ్లిన మా తమ్ముడు తిరిగి రాలేదు.