ఎర్ర పట్టీ సంచి

“ఏం కలిపినావే నా బిడ్డ సజ్జల్లో?”

హనుమంతమ్మ లక్ష్మక్క కొప్పు పట్టుకుని అంగన్‌వాడీ అరుగు మీద నుంచి కిందికి లాగింది. రక్తపరీక్షకు వరసలో నిలబడిన తల్లులు పిల్లల్ని ఎత్తుకుని పక్కకు జరిగారు.

సూపర్‌వైజర్ ప్రదీప్‌కుమార్ పరుగున వచ్చి ఇద్దరినీ విడదీశాడు. అంతకు కాసేపటి ముందే అతను హనుమంతమ్మ కూతురు శ్రీదేవి వేలు పొడిచి రక్తం చూశాడు. ఉగాదికి ఎనిమిది గ్రాములున్న హిమోగ్లోబిన్ నాలుగుకు పడిపోయింది. శ్రీదేవి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పెదవులు సున్నం కొట్టినట్టున్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. అంత ఆయాసంలోనూ గోరుతో గోడ గీకి ఆ మట్టి నాకుతోంది.

“నీ బిడ్డ తినే సజ్జలకూ ఈమెకూ ఏం సంబంధం?” అన్నాడు ప్రదీప్.

లక్ష్మక్కే కొప్పు ముడేసుకుంటూ, ముక్కు చీదుకుంటూ చెప్పేసింది. నెలనెలా జీపులో సజ్జల సంచులు పంచి పోగానే ఈ ఇద్దరూ వాటిని మార్చుకుంటున్నారు. లక్ష్మక్కకు వచ్చే ఎర్ర పట్టీ సంచి హనుమంతమ్మ ఇంటికి, హనుమంతమ్మకు వచ్చే నీలం పట్టీ సంచి లక్ష్మక్క ఇంటికి.

ప్రదీప్ తల పట్టుకున్నాడు. డోన్ చుట్టుపక్కల ఊళ్లలో కొన్ని ఇళ్లకు ఇనుము ఎక్కువుండే కొత్త రకం సజ్జలు, కొన్ని ఇళ్లకు మామూలు సజ్జలు ఇచ్చి, ఏ పిల్లలకు రక్తం పెరుగుతుందో చూడటం ఈ పథకం. ఏ రంగు పట్టీ సంచిలో ఏవి ఉన్నాయో కర్నూలులోని డాక్టర్ సుచరితకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియకూడదు. ప్రదీప్‌కూ తెలియదు.

“ఎర్ర పట్టీవే మంచివని మీకెవరు చెప్పారు?”

“ఊరంతా అదే అంటాండారు గదా సార్,” అంది హనుమంతమ్మ. “రగతం పట్టే సజ్జలని గుర్తుకే ఎర్రగుడ్డ కుట్టినారంట.”

ఆ సంచి కోసం ఆమె లక్ష్మక్క కాళ్లు పట్టుకుందట. లక్ష్మక్క మొదట ఒప్పుకోలేదట. తన కొడుకు మహానంది కూడా అట్లాగే పాలిపోయి ఉన్నాడని, కన్నబిడ్డ నోటికాడిది తీసి పరాయి బిడ్డకు ఎట్లా పెట్టేదని తిట్టి పంపిందట. ఈ ఏడు వేరుశనగ చేలో కలుపు నుంచి కోత దాకా ఊరికే పని చేసి పెడతానని హనుమంతమ్మ మాటిస్తే అప్పుడు మెత్తబడిందట.

“ఎండల్లో నడుములు పడిపోయేట్టు చేసినా సార్. ఇచ్చినట్టే ఇచ్చి ఇది లోపల సజ్జలు మార్చింది. అందుకే దీని కొడుకు కోడెదూడ లెక్క ఎగురుతాండాడు, నా బిడ్డ మన్ను నాకుతాండాది.”

“అహోబిలం నరసింహస్వామి మీద ఒట్టు,” అంది లక్ష్మక్క. “మీరిచ్చిన సంచి మీరిచ్చినట్టే ఇచ్చినా. కుట్టు గూడా ముట్టలేదు. అడగండి సార్, కుట్టు ఎవరు ఇప్పుతాండ్రో.”

ప్రదీప్ హనుమంతమ్మ వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. ప్రతిసారీ కుట్టు విప్పింది తనే.

ప్రదీప్ సెల్‌ఫోన్ తీసుకుని సిగ్నల్ దొరికే మిట్ట మీదికి పోయాడు. సంచులు మారాయని వినగానే డాక్టర్ సుచరిత అరిచింది. పిల్ల రక్తం ఎంతుందో చెప్పగానే అరవడం ఆపింది.

“ఏది ఏదో ఇప్పుడైనా చెప్పండి మేడమ్.”

“నీలం పట్టీవి ఇనుము సజ్జలు,” అంది ఆమె. “ఎర్రవి మామూలువి. ఆ పిల్లను వెంటనే పెద్దాసుపత్రికి తీసుకురా. రక్తం ఎక్కించాలి. ఆలస్యమైతే గుండె ఆగిపోతుంది.”

ప్రదీప్ మిట్ట దిగి వచ్చాడు. ఆర్నెల్లుగా ఆ తల్లి వెట్టి చేసి మరీ బిడ్డ పళ్లెంలోంచి మంచి గింజలు తీసేసింది. ఆ మాట ఆమెకు ఎట్లా చెప్పాలో అతనికి తెలియలేదు.

“ఇది నన్ను మోసం చేసిందా, లేదా? అదొక్కటి చెప్పండి సార్,” అంది హనుమంతమ్మ.

“మోసమేం లేదమ్మా. ఆమె నీకిచ్చింది అసలు ఎర్ర సంచే. బిడ్డను ఎత్తుకుని జీపెక్కు.”

హనుమంతమ్మ లక్ష్మక్క రెండు చేతులూ పట్టుకుంది. “తప్పయిపాయె అక్కా. నోటికొచ్చినట్టు తిట్టినా. నువ్వు చేసిన మేలు మర్చిపోయినా.”

లక్ష్మక్క కళ్లు తుడుచుకుంది. శ్రీదేవిని తనే ఎత్తి జీపు వెనక సీట్లో తల్లి ఒళ్లో పడుకోబెట్టింది. పిల్ల చేతులు గుడ్డపేలికల్లా వేలాడాయి.

డ్రైవర్ జీపు స్టార్ట్ చేశాడు. ప్రదీప్ ముందు సీటు ఎక్కబోతుంటే లక్ష్మక్క దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

“నీలంవే మంచివని చెప్పింది గదా సార్ మీ మేడమ్?”

ప్రదీప్ కాలు కిందనే ఆగిపోయింది. “నీకెట్లా తెలుసు?”

“మొదటిసారి మీ మేడమే వచ్చి సంచులు దించేనాడు వాన పట్టుకున్నింది. ఆయమ్మ ఎర్రవాటిని తడవనిచ్చి నీలంవి ముందు లోపలికి మోయించింది. చూస్తే తెలీదా?” ఆమె చూపు వీధిలో పరుగెత్తుతున్న మహానంది మీదికి పోయింది. “నాదీ కన్నకడుపే గదా సార్. ఎర్రవే మంచివని ఊర్లో నేను పుకారు లేపకుంటే, హనుమంతమ్మ నాకు నీలం సంచి ఇస్తాండెనా?”