బీరువా వెనక పగులు

"ఆ బీరువా పక్కకి జరపండి," అన్నాడు మున్సిపాలిటీ ఇంజనీరు టేపు తీస్తూ.

అమ్మ బీరువాకు వీపు ఆనించి నిలబడింది. "మా వల్ల కాదు బాబూ, బండబరువు."

ఇంటి మరమ్మతు సాయానికి దరఖాస్తు పెట్టింది నేనే. "పగులు చూపించకపోతే సాయం ఎలా ఇస్తారమ్మా?" అని గొణిగాను.

"నీ చదువు తగలెయ్య! పక్కసందు టైలరు ఇలాగే చూపించాడుగా. ప్రమాదమని కొంప కూల్చేశారు. ఇప్పుడక్కడ ఎవరివో ఏడంతస్తులు లేచాయి," అంది అమ్మ నా చెవిలో.



"మరి చెయ్యి దూరేంత పగులని రాశారేంటి?" అడిగాడు ఇంజనీరు.

"తెలియక రాశాను సార్. అక్కడేం లేదు," అంటూ నేనూ వెళ్లి బీరువాకు ఆనుకున్నాను.

వెనక పెచ్చులు రాలుతున్న చప్పుడు. అది ఆయన చెవిన పడకుండా అమ్మ గట్టిగా దగ్గింది.