కమీషన్ మనిషి

ఆ పెద్దమనిషి చేతిలో ఉన్న సీసా వంచి, షాపులో నమూనాకి పరిచిన చెక్క పలకల మీద నీళ్లు పోశాడు.

“అమ్మా, చెప్పులు విప్పి దీని మీద ఒకసారి నడిచి చూడండి,” అన్నాడు.

పలకలు కొనడానికి వచ్చిన నర్సు రెండడుగులు వెనక్కి వేసింది. ఇంటి వెనక అరుగులా పలకల డెక్ వేయించడానికి సరుకు ఎంచుకుందామని, సెలవు రోజున తండ్రిని వెంటబెట్టుకుని వచ్చిందామె. ముక్కూమొహం తెలియని మనిషి చెప్పులు విప్పమంటే ఎవరు విప్పుతారు?

అప్పటికే తండ్రీకూతుళ్ల వాదన ఎటూ తెగడం లేదు.

తండ్రి టైలరు. బతుకంతా గుడ్డ తడిమి చూసిన చెయ్యి. ఒక చేత్తో చేతికర్ర పట్టుకుని, రెండో చేత్తో పలకలన్నీ నిమిరాడు.

“అసలు చెక్కే వేయిద్దామే.”

“కాంపోజిట్ అయితే నూనె రాసే పని ఉండదు నాన్నా. చెక్కపొట్టూ ప్లాస్టిక్కూ కలిపి చేస్తారట.”

“పాలిస్టరు తెచ్చి నూలంటే నేను నమ్ముతానటే?”

ఆమెకి నవ్వొచ్చింది. నిజానికి తన మనసూ చెక్క మీదకే పోతోంది. సరిగ్గా అప్పుడే వచ్చాడీ సీసా మనిషి.

“మీ పెరట్లో ఎండ పడుతుందా అమ్మా?”

“పొద్దున కాసేపు. తర్వాత గోడ నీడే.”

“అయితే చెక్క వద్దు. ఎండ తగిలే చోటైతే నేనే వేసుకోమనేవాణ్ణి. నీడపట్టున తడి ఆరదు, పాచి పడుతుంది. ఇదిగో, ఈ గరుకు కాంపోజిట్ తీసుకోండి. పాదానికి పట్టు ఉంటుంది.”

“పాచి పడితే కడుక్కుంటాం.”

“ఎవరు కడుగుతారు?”

నైట్ డ్యూటీలతో సతమతమయ్యే మనిషికి ఆ ప్రశ్న చురుక్కుమంది.

“ఇందులో మీకెంత ముడుతుందండీ?”

“నాకా?”

“అదే, కమీషన్.”

పెద్దమనిషి ఆమె తండ్రి చేతికర్ర వైపు ఒకసారి చూశాడు.

“పోనీ, మెట్ల వరకైనా ఇది వేయించండి,” అన్నాడు.

ఆమె షాపు మేనేజరు వైపు తిరిగింది.

“మాకు చెక్కే ఇవ్వండి.”

పెద్దమనిషి రుమాలు తీసి, వంగి, పోసిన నీళ్లు తానే తుడిచి వెళ్లిపోయాడు.

డెక్ చక్కగా కుదిరింది. తండ్రి మకాం ఇంట్లోంచి అక్కడికి మారింది. కుర్చీ, పేపరు, కాఫీ అన్నీ అక్కడే.

మొదటి వానలకి ముందు ఆమె దగ్గరుండి నూనె రాయించింది. మరుసటి ఏడు తీరిక చిక్కలేదు. మూలల్లో పచ్చదనం కనిపించినా, ఈ సెలవుకి కాకపోతే వచ్చే సెలవుకి అనుకుంటూ వచ్చింది.

ఒక ఉదయం ఆమె డ్యూటీ నుంచి వచ్చేసరికి తండ్రి మెట్ల కింద పడి ఉన్నాడు.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది గానీ, ఆయన మళ్లీ సొంతంగా లేచి నిలబడలేదు.

“చెక్క తప్పేం లేదు. నేనే చూసుకోలేదు,” అనేవాడు మంచం మీంచి.

జారిపడి తుంటి విరిగిన ముసలివాళ్లని ఆమె తన వార్డులో నిత్యం చూస్తూనే ఉంటుంది. అలాంటి నీకు తెలియదా అన్న మాట తండ్రి ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఆమెకి బరువైంది.

చక్రాల కుర్చీ కోసం మెట్లు తీయించి ర్యాంపు కట్టించాల్సి వచ్చింది. మళ్లీ అదే షాపుకి వెళ్లి గరుకు కాంపోజిట్ అడిగింది. కళ్లు మాత్రం షాపంతా వెతుకుతున్నాయి.

“ఇక్కడ ఒక పెద్దాయన ఉండేవారు. కాంపోజిట్ కంపెనీ మనిషి. ఆయనతో ఒక మాట చెప్పాలి.”

“నీళ్లు పోసి చూపించే ఆయనా?” మేనేజరు తలెత్తాడు. “పోయారండీ, మొన్న చలికాలంలో.”

“అయ్యో. ఆయన కంపెనీ వాళ్లకైనా చెప్పాలి,” అందామె.

“ఆయన కంపెనీ మనిషేం కాదు. వాళ్లావిడ ఇంటి వెనక తడి చెక్క మీద జారిపడి, మంచాన పడి, ఇక లేవలేదు. అప్పట్నుంచీ ఇక్కడికొచ్చి నిలబడేవారు. చేతికర్రతో ఎవరొచ్చినా వదిలేవారు కాదు.”

“వచ్చినవాళ్లకి చెక్క వద్దని చెబుతుంటే మీరేం అనేవాళ్లు కాదా?”

“ఏమంటాం?” అన్నాడు మేనేజరు. “మేం అమ్మే చెక్కంతా ఆయన సొంత మిల్లులోంచి వచ్చేదే.”