చప్పుడు లేని బండి

ఊడ్పుల నుంచి వచ్చిన ఆడకూలీలు గుమ్మం ముందు ఆటో దిగుతుంటే, సువార్తమ్మ అగ్గిపెట్టె పట్టుకుని తెల్లబోయింది. “చప్పుడే వినపడలేదేంటి?”

“బ్యాటరీ ఆటో మామ్మా. పొగుండదు, చప్పుడుండదు,” అన్నాడు కొత్త డ్రైవర్ రాజబాబు.

“చప్పుడు విన్నాకే మా కోడలికి వేన్నీళ్లు పెడతాను బాబూ.”

“అయితే రేపట్నుంచి కాలవ వంతెన మీద హారన్ కొడతాలే. ఇంతకీ మీ కోడలేదీ?”

ఓ కూలీ అతని చొక్కా పట్టి లాగింది.

“హారన్ కొట్టకు,” అంది సువార్తమ్మ, అగ్గిపెట్టె కొంగున ముడేసుకుంటూ. “కిందటేడు పాత ఆటో వెనక వేలాడుతూ వస్తూ, జారిపడి చచ్చిపోయింది. అయినా ఆ డీజిల్ చప్పుడు వింటే, ఇదిగో వచ్చేస్తోందనిపించేది. రోజూ పొయ్యి ముట్టించేదాన్ని.”

ఆమె పొయ్యి మీది బిందె దింపి, బురద కాళ్లతో నిలబడ్డవాళ్ల ముందు పెట్టింది.

“చన్నీళ్లేనమ్మా. కాళ్లు కడుక్కోండి.”